రెండు డాలర్ల నోటు వెనకవైపు

సింగపూర్ నుంచి సెలవులకి ఊరెళ్తే నన్ను అందరూ అడిగేది ఒకటే. "బిల్డింగులు ఎలాగుంటాయిరా అక్కడ?" సోంపేటలో టీ కొట్టు దగ్గర అడుగుతారు. పెళ్లి భోజనాల్లో పక్క కుర్చీలో కూర్చున్న పెద్దాయన అడుగుతాడు. అమరావతికి సింగపూర్ వాళ్లు మాస్టర్ ప్లాన్ గీస్తున్నారని పేపర్లలో వచ్చిన రోజుల్నించి ఇది మరీ ఎక్కువైంది. మా వైపు సింగపూర్ అంటే అద్దాల మేడలు, నున్నటి రోడ్లు.

ఆ మేడలకి ఇనుము అతికే పని నాది. 2011 నుంచి అదే చేస్తున్నాను. ఏ అంతస్తులో ఏ దూలం ఎలా నిలబడిందో ఎంతసేపైనా చెప్పగలను. కానీ ఆ దేశం గొప్ప మేడల్లో లేదు. డబ్బు పెట్టి మాలాంటి వాళ్లని పిలిపించుకుంటే మేడ ఏ దేశంలోనైనా లేస్తుంది. నేను చెప్పాలనుకునేది నా పర్సులో ఉంది.

రెండు డాలర్ల నోటు. ఊదా రంగులో, ప్లాస్టిక్ కాగితంలా నున్నగా ఉంటుంది. వచ్చిన మొదటి ఆదివారం టెక్కా మార్కెట్ దగ్గర ఇడ్లీ తింటే చిల్లర కింద ఇచ్చారు. ముందువైపు వాళ్ల మొదటి అధ్యక్షుడు యూసఫ్ బిన్ ఇషాక్ బొమ్మ. వెనక్కి తిప్పితే చదువుకుంటున్న పిల్లలు, వాళ్ల వెనకాల పాతకాలం విద్యాలయాలు మూడు. విక్టోరియా బ్రిడ్జ్ స్కూలు, పాత రాఫెల్స్ ఇన్‌స్టిట్యూషన్, మెడికల్ కాలేజీ. పక్కనే ఇంగ్లిష్‌లో ఎడ్యుకేషన్ అని ఒకే మాట. ఇప్పుడు చెలామణీలో ఉన్న నోట్లలో అన్నిటికన్నా చిన్నది ఇదే. కూరగాయలు కొన్నా, టీ తాగినా చేతిలోకి వచ్చేది ఇదే. ఇన్ని చేతులు మారే నోటు మీద చదువు బొమ్మ వేసుకున్న వాళ్లకి చదువంటే ఎంత పట్టింపో నాకు మెల్లమెల్లగా తెలిసింది.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం. కొబ్బరి, జీడి, పనస. ఒకవైపు సముద్రం. నేల తవ్వితే నీళ్లు, చెట్టు నాటితే కాపు. మా చిన్నప్పుడు ఉద్దానాన్ని కోనసీమతో పోల్చి చెప్పేవాళ్లు. అంత పచ్చటి ఊళ్లలో కుర్రాళ్లు పది పాసవగానే పాస్‌పోర్టుకి పెట్టుకుంటారు. నేనూ పెట్టాను. ఆర్నెల్లు వెల్డింగ్ షెడ్డులో నేర్చుకున్నాను. రేకుల కప్పు, మధ్యలో నాలుగు మెషిన్లు, ముప్ఫై మంది కుర్రాళ్లం. ఒక్కొక్కడికి రోజుకి నాలుగైదు రాడ్లు దొరికితే గొప్ప. పొగ పోయే దారి లేదు. సాయంత్రం గొంతు మంటకి బెల్లం ముక్క నమిలేవాళ్లం. ఫీజు, ఆ తర్వాత టెస్ట్ సెంటర్ ఖర్చు, ఏజెంటు డబ్బు, అన్నిటికీ కలిపి అమ్మ మెడలో గొలుసు, రెండు గాజులు పలాసలో తాకట్టుకి వెళ్లాయి.

సింగపూర్‌లో కన్‌స్ట్రక్షన్ పనికి రావాలంటే ముందు మన దేశంలోనే వాళ్ల స్కిల్ టెస్ట్ పాసవ్వాలి. తల పైన ఉన్న ప్లేటుకి కింద నుంచి వెల్డింగ్ కొట్టాలి, దాన్ని ఫోర్‌జీ అంటాం. కరిగిన ఇనుము కిందికి జారకూడదు, చెయ్యి వణక్కూడదు. మొదటిసారి నిప్పురవ్వ చొక్కా చేతిలోంచి మోచేతి దాకా జారింది. చెయ్యి లాగేశాను. ఫెయిల్. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. రెండోసారి మళ్లీ ఫీజు కట్టి పాసయ్యాను.

వచ్చాక మా సైటుకి సూపర్‌వైజర్‌గా చైనా సంతతి ఆయన ఒకరుండేవారు. అక్కడ వయసులో పెద్దవాళ్లెవర్నైనా అంకుల్ అనే పిలుస్తారు, మేమూ అలాగే పిలిచేవాళ్లం. ఆయన మమ్మల్ని తంబీ అనేవాడు. ఆయన ఇంగ్లిష్ నాకు సగం అర్థమయ్యేది, నాది ఆయనకి సగం. మధ్యాహ్నం భోజనాల దగ్గర ఆయన చెప్పిన కబుర్లతోనే ఆ దేశం గురించి నేను మొదట నేర్చుకున్నాను.

1965 ఆగస్టు 9న సింగపూర్ మలేషియా నుంచి విడిపోయినప్పుడు ప్రధాని లీ క్వాన్ యూ టీవీలో మాట్లాడుతూ ఏడ్చేశాడు. అంకుల్ అప్పటికి పుట్టలేదు గానీ వాళ్ల నాన్న చూశాడట. ఏడవక ఏం చేస్తాడు అనేవాడు అంకుల్. ఏముంది వాళ్ల దగ్గర? మా శ్రీకాకుళం జిల్లాలో అయిదో వంతు కూడా లేని నేల. గనులు లేవు, నూనె చుక్క లేదు, వరి చేలు లేవు. తాగే నీళ్లు కూడా పక్కనున్న మలేషియా రాష్ట్రం జోహోర్ నుంచి పైపుల్లో రావాలి. 1962లో రాసుకున్న నీళ్ల ఒప్పందం 2061తో అయిపోతుంది. ఆ భయంతోనే వాడిన నీళ్లని మళ్లీ శుద్ధి చేసి 2003 నుంచి న్యూవాటర్ పేరుతో వాడుతున్నారు. మేం కాంక్రీటులో కలిపే ఇసుక కూడా బయట నుంచి రావాల్సిందే. ఉన్నదల్లా ఒక రేవు, చిన్న చిన్న ఇళ్లలో కిక్కిరిసిన జనం. ఆపైన బ్రిటిష్ సైన్యం తన స్థావరాలు ఖాళీ చేస్తానని చెప్పి 1971కల్లా వెళ్లిపోయింది. ఆ స్థావరాల మీద బతికే వేల మందికి పని పోయింది.

అప్పుడు వాళ్లు ఆ జనానికే పని నేర్పడం మొదలుపెట్టారు. స్కూళ్లు చాలక ఒకే భవనంలో పొద్దున ఒక బడి, మధ్యాహ్నం ఇంకో బడి నడిపారు. ఫ్యాక్టరీ పెడతామని వచ్చిన కంపెనీలకి ఒక మెలిక పెట్టారు, మీ పనివాళ్లకే కాదు, ఇంకా ఎక్కువ మందికి పని నేర్పండి, ఖర్చులో మేమూ పాలు పంచుకుంటాం అని. అలా మొదట వచ్చిన కేంద్రం ఎవరితోనో తెలుసా? మన టాటాలతో. 1972లో ప్రభుత్వం, టాటా కలిసి శిక్షణ కేంద్రం పెట్టాయి. ఆ తర్వాత జర్మనీ వాళ్ల కెమెరా కంపెనీ రోలై, హాలండ్ వాళ్ల ఫిలిప్స్. నిమిషానికి ఎన్నిసార్లు తిరిగే మెషిన్ మీద ఎంత సన్నగా కోయాలో అక్కడ కుర్రాళ్లు మన వాళ్ల దగ్గర నేర్చుకున్నారు. ఇది తెలిసిన రోజు నాకు రాత్రంతా నిద్ర పట్టలేదు. అంత నేర్పగలిగిన దేశంలో పుట్టి, నేను రోజుకి నాలుగు రాడ్లతో రేకుల షెడ్డులో నేర్చుకున్నాను.

అంకుల్ కథలో బాధ కూడా ఉంది. ఆయన తొమ్మిదేళ్ల వయసులో, మూడో తరగతి చివర్లో పరీక్ష పెట్టి పిల్లల్ని మూడు రకాలుగా విడదీశారు. 1979లో ఉప ప్రధాని గో కెంగ్ స్వీ బృందం ఇచ్చిన రిపోర్టుతో వచ్చిన పద్ధతి అది. పిల్లలు మధ్యలో బడి మానేస్తున్నారు, రెండు భాషలు మోయలేకపోతున్నారు, అందుకని ఎవరి వేగానికి తగ్గట్టు వాళ్లకి నేర్పాలని వాళ్ల ఉద్దేశం. అంకుల్‌ని ఒకే భాష నేర్చుకునే చివరి రకంలో వేశారు. "ఆ రోజు నుంచి మా అమ్మ చుట్టాలింటికి వెళ్లడం మానేసింది" అన్నాడు ఒకసారి. ఆయన కళ్లు చూసి నేను అన్నం ముద్ద పట్టుకుని అలాగే ఉండిపోయాను. నలభై ఏళ్లయినా ఆ గాయం మానలేదు. ఆ విడదీయడం రకరకాలుగా మారుతూ వచ్చింది. 2024లో హైస్కూల్లో చేరిన పిల్లల నుంచి స్ట్రీములనే ఆ రకాల్ని పూర్తిగా తీసేశారు. ఇప్పుడు ఒక పిల్లాడు లెక్కలు పై స్థాయిలో, భాష కింది స్థాయిలో తీసుకోవచ్చు. ఇంత ఆలస్యం ఎందుకైందని నాకు కోపమే. తప్పుని తప్పని ఒప్పుకుని మార్చుకున్నారు, అంతవరకు మెచ్చుకుంటాను.

పన్నెండేళ్ల పిల్లలకి ఆరో తరగతి చివర్లో పీఎస్‌ఎల్‌ఈ అని పెద్ద పరీక్ష ఇంకా ఉంది. ఆ నెలల్లో మేం పని చేసే అపార్టుమెంట్లలో పిల్లలు కనపడరు, ట్యూషన్ నుంచి ట్యూషన్‌కి తిరుగుతుంటారు. విజయవాడ హాస్టళ్లు గుర్తొస్తాయి. దేశదేశాల్లో పదిహేనేళ్ల పిల్లలకి పెట్టే పిసా పరీక్షల్లో 2022లో లెక్కలు, సైన్సు, చదవడం మూడింట్లో సింగపూర్ మొదటి స్థానంలో వచ్చిందని పేపర్లో చూశాను. గొప్పే. దాని వెనక ఆ పిల్లల టెన్షన్ కూడా ఉంది.

నన్ను కట్టిపడేసింది ఆ ర్యాంకులు కావు. చదువులో వెనకబడిన వాళ్లని వాళ్లు ఏం చేశారన్నది. అంకుల్‌ని ఒకేషనల్ స్కూల్లో వేశారు. అక్కడే డ్రాయింగ్ చదవడం, పైపులు కోయడం నేర్చుకున్నాడు. 1992లో ఆ స్కూళ్ల స్థానంలో ఐటీఈ అనే సంస్థ వచ్చింది. ఆ మూడు అక్షరాలకి 'ఇట్స్ ది ఎండ్' అని జనం ఎగతాళి అర్థం పెట్టారు. అక్కడ చేరితే జీవితం అయిపోయినట్టేనని. ప్రభుత్వం ఆ మాట విని ఊరుకోలేదు. చిన్న చిన్న కేంద్రాలన్నీ కలిపి యూనివర్సిటీల్లాంటి మూడు పెద్ద క్యాంపస్‌లు కట్టింది. మొదటిది 2005లో సిమే అనే ప్రాంతంలో తెరిచారు.

నేను ఒక టెక్నికల్ కాలేజీ వర్క్‌షాపులో రెండు వారాలు రెయిలింగ్ పని చేశాను. అక్కడ చూసింది మర్చిపోలేను. వరసగా వెల్డింగ్ బూత్‌లు, ఒక్కో పిల్లాడికి ఒక్కో బూత్. ప్రతి బూత్‌లో తల పక్కన ఏనుగు తొండంలాంటి గొట్టం, పొగ పుట్టగానే లాగేస్తుంది. బల్ల మీద రాడ్లు కట్టలు కట్టలుగా ఉన్నాయి. పదిహేడేళ్ల పిల్ల ఒకతి షీల్డ్ ఎత్తి తను వేసిన అతుకు గీతని వేలితో చూపిస్తూ మాస్టారుని ఏదో అడుగుతోంది. ఆయన మోకాళ్ల మీద కూర్చుని ఆ పిల్ల కన్నుకి సమానంగా తల పెట్టి చూశాడు. గీత వంకర ఎక్కడ మొదలైందో చూపించాడు. కొత్త రాడ్ చేతికిచ్చాడు. అంతే. నేను గ్రైండర్ ఆపేసి ఎంతసేపు చూశానో తెలీదు, ఫోర్‌మన్ పిలిస్తేగానీ కదల్లేదు. నాకు ఎవరూ అలా మోకాళ్ల మీద కూర్చుని చూపించలేదు.

అంకుల్ యాభై దాటాక మళ్లీ చదివాడు. 2015లో వాళ్లు స్కిల్స్‌ఫ్యూచర్ అని మొదలుపెట్టారు. ఇరవై అయిదు నిండిన పౌరులందరికీ కోర్సుల కోసం 500 డాలర్లు ఖాతాలో వేశారు. 2024లో నలభై నిండినవాళ్లకి ఇంకో 4,000. భవనాన్ని కంప్యూటర్లో ముందే కట్టి చూసే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడానికి ఆయన సాయంత్రం క్లాసులకి వెళ్లేవాడు. మర్నాడు లంచ్‌లో లాప్‌టాప్ తెరిచి మేం ఎక్కడ ఏ దూలం అతకాలో తిప్పి తిప్పి చూపించేవాడు. తొమ్మిదేళ్లకి పనికిరాడనుకున్న మనిషి!

ఆ డబ్బు మాకు రాదు, అది పౌరులకే. మాకు వేరే లెక్క ఉంది. విదేశీ పనివాడిని పెట్టుకున్న కంపెనీ ప్రతి నెలా ప్రభుత్వానికి లెవీ కట్టాలి. 2024 జనవరి నుంచి కన్‌స్ట్రక్షన్‌లో మామూలు పనితనం ఉన్నవాడికి 900 డాలర్లు, ఎక్కువ పనితనం సర్టిఫికెట్ ఉన్నవాడికి 500. అంటే ఒక మనిషి కొత్త పని నేర్చుకుంటే కంపెనీకి నెలకి మన డబ్బుల్లో పాతిక వేల పైన మిగులుతుంది. నేను వచ్చిన కాలంలో అంకెలు వేరు, పద్ధతి ఇదే. అందుకే మా కంపెనీ నా ఫీజు కట్టి రెండో పనికి టెస్టుకి పంపింది. ఆదివారాలు పైప్ ఫిట్టింగ్ నేర్చుకున్నాను. 2016లో పాసయ్యాను. జీతం పెరిగింది. మొన్నమొన్నటి దాకా మామూలు పనివాడు మొత్తం పద్నాలుగేళ్లే ఉండగలిగేవాడు, సర్టిఫికెట్ ఉన్నవాడు ఇరవై ఆరేళ్లు. ఆ గడువులు 2025 జులైలో తీసేశారు. ఇందులో దయ లేదు, లెక్కే ఉంది. నేర్చుకున్న మనిషి విలువ ఇంత అని కాగితం మీద అంకె వేసి చూపించిన చోటు నాకు అదొక్కటే.

అమ్మకి ఇదేం అర్థమయ్యేది కాదు. "ఏటి నాన్నా, ఇంకా సదువుతున్నావా? పిల్లలున్నోడివి, కళ్లు పోతాయి" అనేది ఫోన్‌లో.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను మా ఊళ్ల మీద పడింది. మూడు రోజులు ఫోన్లు పనిచెయ్యలేదు. నాలుగో రోజు తమ్ముడు పంపిన వీడియోలో మా తోట గుర్తుపట్టలేకపోయాను. తాత నాటిన కొబ్బరి చెట్లు అరవై, వాటిలో నిలబడినవి పదకొండు. జీడి తోట వేళ్లతో సహా తిరగబడి ఉంది. కొబ్బరి మొక్క పెడితే కాపుకి ఆరేడేళ్లు. నాన్న తోట మధ్యలో గొడుగు కర్ర పట్టుకుని నిలబడ్డాడు, ఏమీ అనడం లేదు. మూడు తరాలు తిన్న ఆస్తి ఒక్క రాత్రిలో పోయింది. ఆ ఏడు ఇల్లు నడిచింది, పైకప్పు మళ్లీ వేసింది, అమ్మ మందులకి సరిపోయింది, అంతా నా రెండో సర్టిఫికెట్‌తో పెరిగిన జీతమే. ఆ సంక్రాంతికి ఫోన్‌లో అమ్మ కొత్తగా ఒక మాట అంది. "ఇంకేటైనా పరీక్ష ఉంటే రాసెయ్ నాన్నా."

రాశాను. 2020లో కరోనాకి డార్మిటరీలు మూసేసినప్పుడు నెలల తరబడి గదిలో పన్నెండు మందిమి బందీలమైపోయాం. ఆ రోజులు ఎలా గడిచాయో చెప్పాలంటే ఇంకో రాత్రి కావాలి. నేను పై బంక్ మీద పడుకుని ఫోన్‌లో ఇంగ్లిష్ పాఠాలు విన్నాను. బయటపడ్డాక సేఫ్టీ సూపర్‌వైజర్ కోర్సు చేశాను. ఇప్పుడు ఆదివారాలు సెరంగూన్ రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికి వెళ్లి, అక్కణ్ణించి విక్టోరియా స్ట్రీట్‌లో నేషనల్ లైబ్రరీకి పోతాను. పదహారంతస్తుల లైబ్రరీ, లోపలికి వెళ్లి కూర్చుంటే నువ్వెవరు, ఏం పని చేస్తావు అని ఎవరూ అడగరు. గుడి దగ్గర సాఫ్ట్‌వేర్ కుటుంబాల వాళ్లు కలుస్తారు. అక్కడి బడుల్లో మాతృభాష తప్పనిసరి సబ్జెక్టు, కానీ ఆ జాబితాలో తెలుగు లేదు. మన పిల్లలు తమిళమో హిందీయో మాతృభాషగా రాస్తారు. చదువుకి ఇంత ఇచ్చిన దేశంలో నాకు లోటుగా అనిపించే వాటిలో ఇదొకటి. అన్నిటికన్నా పెద్దది, వర్క్ పర్మిట్ మీద ఉన్నవాడు భార్యాపిల్లల్ని తెచ్చుకోలేడు. నా కూతురి చదువంతా ఫోన్‌లోనే చూశాను.

ఇంకొకటి చెప్పకుండా ఉండలేను. వాళ్లు తమ పిల్లలకి పని నేర్పుకున్నారు. మాలాంటి వాళ్లని మాత్రం నేర్చుకున్నాకే తీసుకున్నారు. నాకు మొదటి అక్షరం నేర్పిన ఖర్చు మా ఊరి బడిది, మొదటి రాడ్ ఖర్చు మా అమ్మ గొలుసుది. ఉద్దానం నుంచి పోయేవి కొబ్బరి, జీడిపప్పే అనుకుంటాం. అంతకన్నా విలువైన సరుకు ప్రతి నెలా ఇచ్ఛాపురం, సోంపేట స్టేషన్లలో రైలెక్కుతోంది. ఆ కుర్రాళ్లకి నేర్పే చోట కనీసం పొగ గొట్టమైనా ఉండాలి, మోకాళ్ల మీద కూర్చుని చూపించే మాస్టారు ఉండాలి. ఊళ్లో పెద్దల దగ్గర ఈ మాట అంటే, "బాగానే చెప్పావు గానీ బిల్డింగులు ఎన్ని అంతస్తులుంటాయి?" అంటారు. ఐటీఐ అన్నా, పాలిటెక్నిక్ అన్నా మన దగ్గర ముఖాలు ఇంకా మాడిపోతూనే ఉన్నాయి. ఇంటర్‌లో ఎంపీసీ చేరని పిల్లాడి గురించి ఇంట్లో గొంతు తగ్గించి మాట్లాడతారు. అంకుల్ వాళ్లమ్మ చుట్టాలింటికి వెళ్లడం మానేసినట్టే.

మా అమ్మాయి పదో తరగతి పాసైంది. లెక్కల్లో బాగా వచ్చాయి. మా బావమరిది విశాఖలో కాలేజీ చూసిపెట్టాడు, ఎంపీసీ, హాస్టలు, రెండేళ్లకి రెండు లక్షల పైన. అమ్మాయి పాలీసెట్ రాస్తానంది. మెకానికల్ డిప్లొమా చేస్తానంది. "సింగపూర్‌లో తండ్రి ఉండి పిల్లని డిప్లొమాలో వేస్తావా?" అని బావమరిది నా మీద కేకలేశాడు. నా భార్య రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు, "దానికి ఇష్టమైతే వెయ్యండి, రోజూ ఇంటికొచ్చి తింటుంది కదా" అంది.

మొన్న సెలవుల్లో పశువుల శాల గేటు విరిగి ఉంటే, బజార్లో షాపు నుంచి మెషిన్ అద్దెకి తెచ్చాను. అమ్మాయి పక్కకొచ్చి నిలబడింది. "నాన్నా, నేను ఒకటి కొట్టనా?" షీల్డ్ పెట్టాను, చేతులకి తోలు గ్లౌజులు తొడిగాను, అవి మోచేతుల దాకా వచ్చాయి. నేను మట్టిలో మోకాళ్ల మీద కూర్చున్నాను. రాడ్ ఇనుముకి తగిలించింది, చిటచిటమని మెరిసి గట్టిగా అంటుకుపోయింది. లాగితే రాదు. "అతుక్కుపోయింది నాన్నా" అని బెదిరిపోయింది.

"మొదటి రాడ్ అందరికీ అతుక్కుంటుంది. పక్కకి తిప్పి విరువు. అలాగే. ఇప్పుడు అగ్గిపుల్ల గీసినట్టు గియ్యి."

రెండోది పట్టుకుంది.